కందిమేక పోగులు

కూరగూడు లోపల ఏ చక్రం ఎటు తిరుగుతుందో చీల చీలా విప్పి చెప్పగలవాడు ఈ జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ యంత్రం ఇంకా పుట్టనేలేదని మీరు అడ్డు తగలవచ్చు. పుట్టాక మీరే వచ్చి ఒప్పుకుంటారు.

తుమ్మెదలబండలో ఆ రోజు దసరా. ప్రతి ఇంటి గోడలోనూ కూరగూడు సన్నగా గుర్రుమంటోంది. మనుషులు వంతులవారీగా మణికట్టు మీది నాడిబిళ్లను గూటికి చూపిస్తున్నారు. అది నెత్తురు చదివి, ఎవరికి ఎంత ఉప్పు, ఎంత కారం, ఎంత కొవ్వు పడుతుందో తేల్చి, మూత బిగించిన కంచాన్ని బయటికి తోస్తోంది. పక్కనే చిన్న గిన్నెలో వాళ్ల మందు. కంచంలో ఉన్నది యాటకూరే. అదే వాసన, అదే పీచు, పంటికి తగిలే ఎముకతో సహా. అందులో లేనిది యాట ఒక్కటే. కంది, ఉలవ, పనస, పుట్టగొడుగు కలిసి ఆ వేషం కట్టాయి. జనం దాన్ని కందిమేక అనేవారు.

జీవాన్ని కోయకూడదనే పచ్చకంచం చట్టం వచ్చాక మేకలకు భయం పోయింది. అవి వీధికి అడ్డంగా పడుకుంటాయి. జరగమంటే, నీ పని చూసుకోమన్నట్టు చూస్తాయి. ఒక పోతు పంచాయతీ కుర్చీలో కూర్చుని తీర్మానాలకు తల ఊపేదని, దాని హయాంలోనే ఊరికి రోడ్డు పడిందని చెబుతారు.

శాన్వవ్వ కంచం మూత తీయబోతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. (ఆ కాలపు అవ్వలకు అలాంటి పేర్లే మరి. ఇప్పుడు ఉయ్యాలలో ఉన్న శాన్విలే గదా అప్పటికి పళ్లూడి కూర్చునేది.) వచ్చింది లాస్య. సముద్రం మింగిన తీరం నుంచి తండ్రితో సహా వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన కడపటింట్లో మూడేళ్లుగా ఉంటున్న మనిషి.

"అవ్వా, మీ ఊళ్లో మనిషి పోతే ఎవర్ని పిలవాలండీ?"

"అయ్యో, ఎవలు పోయిన్రే?"

"ఇంకా పోలేదండీ. మా నాన్న. రేపో మాపో అన్నట్టుంది. నన్నెత్తడానికి ఈ ఊళ్లో నలుగురున్నారా అమ్మా అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలీక వీధిలోకొచ్చాను. అన్ని తలుపులూ వేసే ఉన్నాయి."

శాన్వవ్వ కంచం పక్కన పెట్టింది. ఆ ముసలాయన పేరేమిటో ఆమెకు తెలియదు. మూడేళ్లలో తెలుసుకోవలసిన అవసరం రాలేదు. ఉప్పుకో, పప్పుకో ఎవరూ ఎవరి గడపా తొక్కని ఊరు అది.

ఆమె చిన్నతనంలో ఎవరికి ఎవరు వస్తారన్న సంగతి దసరా నాడే తేలిపోయేది. ఇళ్లన్నీ కలిసి యాటను కోసి, మోదుగాకుల మీద పోగులు వేసేవారు. ప్రతి పోగులోనూ ఇంత కారిజం, ఇంత కొవ్వు, ఇంత బొక్క. ఒకరు అటు తిరిగి నిలబడితే, ఇంకొకరు ఒక్కో పోగునూ చూపించి "ఇదెవలిది?" అని అడిగేవారు. తిరిగి నిలబడ్డ మనిషి ఏ ఇంటి పేరు చెబితే ఆ ఇంటికి ఆ పోగు. పోగు పడ్డ ఇంట్లో చావొస్తే పిలవనక్కరలేదు, ఊరే వచ్చేది.

"రిత్వికూ!" అని ఆమె పక్కింటి మరిదిని కేకేసింది. "నీ కంచం పట్టుకొని రా. తినకు."

"తినకుంటే కంచమెందుకు వదినె?"

"మందు తాగు, కూర తే. పోగులేద్దాం."

రిత్విక్ నోరు తెరిచాడు. "ఒక నోరు, ఒక కొలత అని చట్టముంది. కూర కలిపితే ఊరందరి గూళ్లు నెల దినాలు బందు పెడ్తరు."

"పెట్టనియ్. పొయ్యికి మూడు రాళ్లు దొరకవా? నీ తలకాయంత రాళ్లు ఊరి నిండ ఉన్నయి."

ఆ మాటను రిత్వికే నవ్వుకుంటూ వీధంతా మోసుకుపోయాడు. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్లు మొదట చోద్యం చూడడానికి వచ్చారు, తర్వాత కంచాలకోసం వెనక్కి పరుగెత్తారు. పంచాయతీ ముందు చాపలు పరిచి, ఆకులు వేసి, కంచాలన్నీ ఒక్కచోట ఒంపారు. చప్పిడి కూరా, కారం కూరా, కొవ్వు కూరా, కొవ్వు లేని కూరా ఒకటైపోయాయి.

నాడిబిళ్లలన్నీ కీచుమన్నాయి. కాసేపటికే పచ్చకంచం పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ ప్రఖ్య గాలిబండిలో దిగింది.

"ఏం చేస్తున్నారు మీరంతా? కందిలోని మాంసకృత్తిని పీచుగా పేర్చి, నాడిబిళ్ల ఇచ్చిన సూచనతో..." అంటూ ఆమె కూరగూడు పనితీరంతా వివరించింది. శాన్వవ్వకు ఒక్క ముక్క ఎక్కలేదు. నిజానికి నాకూ ఎక్కలేదు. మొదట్లో చీల చీలా విప్పుతానన్నది ఊరికే అన్నాను. ఇటు పప్పు పోస్తే అటు కూర వస్తుంది, నాకు తెలిసింది అంతవరకే.

"ఈ చట్టంతో మేతబీళ్లు అడవులయ్యాయి, చెరువులు నిండాయి," అంది ప్రఖ్య. "మా అమ్మ జీవితమంతా దీనికే ధారపోసింది. మీకు మళ్లీ మేకను కోయాలనుందా అవ్వా?"

"మేక నడుమ ఎందుకొచ్చింది బిడ్డా? మేక సల్లగుండని. మీ అమ్మ చేసింది మంచి పని. కందిమేకే తింటం. మేం కూర అడుగుతలేం, పోగు అడుగుతున్నం."

"పోగంటే?"

శాన్వవ్వ లాస్యను ముందుకు లాగింది. "ఈ పిల్ల తండ్రి పోతే ఎత్తేటోళ్లెవలో మీ బిళ్లనడిగి చెప్పు."

ప్రఖ్య తన మణికట్టు వైపు చూసుకుంది. తర్వాత చెయ్యి దించేసింది. "అది మా పరిశోధనలో లేదు," అంది. "నియమం మాత్రం ఉంది. నేను గూళ్లు ఆపక తప్పదు."

ఆపింది. వీధి పొడుగునా ఒక్కో గోడలో గుర్రు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరి పిల్లలు అంత నిశ్శబ్దం వినలేదు.

"బందయింది గదా, ఇగ భయమెందుకు? అటు తిరుగు వదినె!" అన్నాడు రిత్విక్.

శాన్వవ్వ అటు తిరిగింది. "ఇదెవలిది?" అంటే మొదటి నాలుగైదు పేర్లు గడగడా చెప్పింది. తర్వాత తడబడింది. "పచ్చ తలుపాయనది... ఎప్పుడూ దగ్గుతదే, ఆమెది..." అంటుంటే, ఎవరికి వారు లేచి తమ పేర్లు అరిచారు. ఏళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆ పేర్లు అప్పుడే విన్నారు. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు నవ్వారు.

"ఇదెవలిది?"

"కడపటింటోళ్లది." ఆమె తిరగకుండానే అడిగింది. "మీ నాయన పేరేంది బిడ్డా?"

"నాగిడి అర్ణవ్ అండీ."

"సముద్రానికి గాదు, మా ఊరికి ఇనబడాలె. గట్టిగ!"

"నాగిడి అర్ణవ్!" లాస్య గొంతు చీరుకుపోయేలా అరిచింది.

"నాగిడి అర్ణవ్ పోగు!" అని ఊరంతా తిరిగి అరిచింది.

ఆ ఆకును లాస్య పట్టుకుని నడిస్తే, వెనక జనం, జనం వెనక మేకలు. మంచం మీది అర్ణవ్ ఒక ముక్క నమిలి, గుమ్మం నిండా ఉన్న ముఖాలను చూసి, "ఉప్పు తక్కువైందండీ," అన్నాడు. ఊరు పగలబడి నవ్వింది.

రెండు రోజులకు ఆయన పోయాడు. లాస్య ఎవరినీ పిలవలేదు. ఆమె ఏడుపు విని రాళ్ల పొయ్యిల దగ్గర నుంచి లేచి వచ్చినవాళ్లతో ఇల్లూ వాకిలీ నిండిపోయాయి. పాడె కింద భుజం పెట్టే వంతు కోసం పోట్లాట జరిగింది. కలిపి తినడం మానకపోతే శిక్ష రెండు నెలలకు పెరుగుతుందని చెప్పడానికి వచ్చిన ప్రఖ్య, గాలిబండి దిగి, దారి పక్కన చెప్పులు విడిచి నిలబడింది.

"మూడు చెయ్యి బిడ్డా," అంది శాన్వవ్వ ఆమెను దాటి నడుస్తూ. "ఇంకా మాకు పేర్లన్నీ నోటికి రాలే."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: ఆ ఉప్పు మాట. ఆకు ఇంటికి చేరేసరికే అర్ణవ్‌కు మాట పడిపోయింది. ముద్ద మింగలేకపోయాడు. లాస్య కూర రసంలో వేలు ముంచి ఆయన పెదవికి రాసింది, ఆయన గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు. అంత జనం మధ్య మనిషి కూరకు వంకపెట్టి పోతే బాగుంటుందనిపించి, నేనే ఆయన చేత ఆ మాట అనిపించాను. మిగతాదంతా జరగబోయేదే.