సూర్యుడికన్నా ముందటి వెలుగు

ఆదివారం పొద్దున్నే యేసన్న అరుగు మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. పామిడి దగ్గరి ఆ ఊళ్ళో, విత్తనం వేసే ముందు ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ దోసెడు గింజలు చర్చికి తెస్తారు. సంఘపెద్దగా యేసన్న ప్రార్థన చేస్తాడు. ఆయన కూతురు చంద్రిక బైబిల్లోని సృష్టి అధ్యాయం చదువుతుంది. పన్నెండో ఏట మొదలైన అలవాటు అది. హైస్కూల్లో ఫిజిక్సు టీచరయ్యాక కూడా ఆమె ఒక్క ఏడూ మానలేదు.

తయారై బయటికొచ్చిన కూతుర్ని ఆయన తలెత్తి చూడలేదు. “ఈసారి సండేస్కూలు చెప్పే హేమావతి చదువుతాదిలే. నువ్వొద్దు” అన్నాడు.

చంద్రిక గడప దగ్గరే ఆగిపోయింది. కారణం తెలియనిది కాదు. పోయినవారం బయమ్మవ్వ ఆమెను పట్టుకుని, “చెట్లు మూడో దినం, సూర్యుడు నాలుగో దినం అంటిరి. ఎండ లేకుండా పైరు యాడన్నా లేస్తాదా పాపా?” అని అడిగింది. జీవితమంతా సేద్యం చేసిన మనిషికి రాక మానని సందేహం! చంద్రిక నవ్వి, “అవి మన గడియారం దినాలు కాదవ్వా” అంది. సాయంత్రానికల్లా ఆ మాటకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. యేసన్న కూతురు బైబిలు అబద్ధమనేసిందని ఊరంతా చెప్పుకున్నారు.

“నాయనా, అబద్ధమని నేనన్లేదు.”

“దినం దినమే కాదంటే ఇంకేమంటారమ్మా దాన్ని? నమ్మకం లేని నోటితో విత్తనాల మీద చదవగూడదు.”

ఆ మాటకు చంద్రిక కళ్ళు చెమర్చాయి. “నాకు నమ్మకం లేదని నువ్వే అంటాండావా? సూర్యుని కంటే ముందే వెలుగు ఉన్నిందని మా సైన్సే చెప్తాది. లోకాలన్నీ పుట్టినప్పటి వెలుగు ఇంకా మన మీద పడతానే ఉండాది, కంటికి ఆనదంతే. చెట్ల సంగతి మాత్రం కుదరదు. కుదిరిందని నీకు అబద్ధం చెప్పలేను.”

“సగం కుదిరితే నాకేం లాభం?” యేసన్న విసురుగా లేవబోయాడు. ఒళ్ళోని చేట జారి గింజలన్నీ చెదిరిపోయాయి. “మొదటి పేజీనే నిలబడకపోతే కడాపటి పేజీ యాడ నిలబడతాది? మీ అమ్మ పోయేటప్పుడు వెలుగు కనపడతాండాది అనింది. దేవుని దగ్గరికి పోయిందని నీకు చెప్పినా, ఊరికి చెప్పినా. ఆ మాట పట్టుకునే మూడేండ్లుగా బతుకుతాండా. అదీ లేదంటావా?”

చంద్రికకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నాయన పంతం అనుకున్నది పంతం కాదు, భయం. కింద కూర్చుని ఒక్కొక్క గింజా ఏరి చేటలో వేసింది.

“అమ్మ యాడుండాదో చెప్పే లెక్క నా దగ్గర లేదు నాయనా. అయినా నమ్ముతాండా. నువ్వు చెప్పినావని కాదు. ఆ పొద్దు అమ్మ మొహం నేనూ చూసినా.”

యేసన్న కండువాతో మొహం కప్పుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి కూతురి తల నిమిరాడు.

చర్చిలో ఆయన బైబిలు తీసి చంద్రిక చేతికే ఇచ్చాడు. వెనక వరుసలో గురప్ప లేచి, “ఏమప్పా యేసన్నా, నమ్మకం లేని పిల్లతో చదివిస్తాండావా?” అన్నాడు. అందరూ గుసగుసలు మొదలుపెట్టారు.

యేసన్న అతని వైపు చూశాడు. “నమ్మకం తక్కువైంది నాకు గురప్పా. ఒక ముసలామె ప్రశ్న అడిగితే దేవుడు చిన్నబోతాడేమో అని భయపడినా. మా పాప భయపడలా. ఆ దినాలెంత పొడుగో నాకు తెలీదు. తెలీదని చెప్పేదానికి నాకిన్నేండ్లు పట్టింది.” కూతురి వైపు తిరిగాడు. “చదువు తల్లీ.”

చంద్రిక పుస్తకం తెరిచింది. కన్నీళ్ళకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక్క అక్షరం కనిపించకపోయినా, మొదటి దినం నుంచి చివరిదాకా తప్పు లేకుండా చదివింది.