చీకట్లో కుట్టుమిషను

మా నాన్న కుట్టుకొట్టుకి చీకటిపడితే మంచి పేరు లేదు. పగలు హాయిగా లోపలికొచ్చి కొలతలిచ్చి వెళ్ళినవాళ్ళే, రాత్రయితే వీధికి అవతలి వైపు నుంచి నడిచేవాళ్ళు. నాన్న కంటే ముందు అందులో కుట్టిన ముసలాయన మిషను మీదే తల వాల్చి పోయాడట. ఒప్పుకున్న బట్టలు కొన్ని కుట్టకుండా మిగిలిపోయాయి కాబట్టి, రాత్రిళ్ళు వచ్చి కుట్టుకుంటున్నాడని అందరి నమ్మకం.

నాన్న నమ్మలేదు గానీ, బాగా వాడుకున్నాడు. చెప్పిన రోజుకి చొక్కా అవ్వకపోతే, తను వేసిన కుట్టు ఆ పెద్దాయనకి నచ్చట్లేదనీ, రాత్రికి రాత్రి విప్పేసి పోతున్నాడనీ చెప్పేవాడట. ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది!

ఈ కథ నాకు మావయ్య చెప్పాడు. అమ్మకి తమ్ముడు. ప్రెస్సులో పేపరు కట్టలు మోసే రాత్రి డ్యూటీ. ఆయన చెప్పేదాంట్లో సగం కోతలు, మిగతా సగం వాటికి వేసిన ఉప్పూ కారం. అమ్మ దగ్గర కూడా విన్నాను కాబట్టి, కోతలు తీసేసి చెబుతున్నాను.

అప్పటికి నాకు ఏడాది నిండలేదు. నేను పుట్టిన కొన్నాళ్ళకే అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి, దూరంగా ఆస్పత్రిలో పెట్టారు. బిడ్డని దగ్గరికి రానివ్వలేదు. నాన్న కొట్లో మిషను పక్కనే గుడ్డ ఉయ్యాల కట్టి నన్ను పెంచాడు. ఆయన తొక్కుతుంటే నిద్రపోయేదాన్ని, భోజనానికి లేస్తే నేనూ లేచేదాన్ని. మెలకువగా ఉన్నంతసేపూ మావయ్య భుజం దిగేదాన్ని కాదు.

ఆ తర్వాత అమ్మ ఇంటికొచ్చింది. మనమేమో మహారాణి కదా… ఆవిణ్ణి ఎగాదిగా చూసి, ఎత్తుకోగానే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చానట. ముద్ద పెడితే ఉమ్మేసేదాన్ని. నాన్న కనిపిస్తే నాన్నకి, మావయ్య కనిపిస్తే మావయ్యకి చేతులు చాచేదాన్ని. పసితనంలో దగ్గర లేకపోతే అంతేనమ్మా, ఇక ఎప్పటికీ అతుక్కోరు అని ఇరుగుపొరుగు అమ్మని ఓదార్చారు. ఓదార్పంటే అలా ఉండాలి! అమ్మ వాళ్ళ ముందు నవ్వేసేది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేది. అదే నిజమవుతుందేమోనని ఆవిడ భయం.

ఒక రాత్రి వీధి మొత్తానికి కరెంటు లేదు. మావయ్య డ్యూటీ దిగి, సైకిలు మీద వస్తున్నాడు. కొట్టు దగ్గర పడేసరికి…

టక టక టక టక… ఆగింది.

టక టక… మళ్ళీ ఆగింది.

ముందు దొంగేమో అనుకున్నాడు. కానీ దొంగ మిషను ఎత్తుకుపోతాడు గానీ, కూర్చుని తొక్కడు కదా. పోనీ ఎవరైనా ఊరికే తొక్కుతున్నారా అంటే, వాళ్ళు ఆగకుండా తొక్కుతారు. ఇది అలా లేదు. ఒక కుట్టు వేసి, ఆగి, గుడ్డ తిప్పుకుని మళ్ళీ వేస్తున్నట్టుంది — పని తెలిసిన కాలు. బావేమో జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. సాయంత్రం మందు బిళ్ళ మింగించింది తనే.

అయితే ఇక లోపల కుట్టేది ఎవరు?

సైకిలు తిప్పేశానని మావయ్య ఇప్పటికీ ఒప్పుకోడు. తిప్పేశాడు. అప్పుడే లోపలినుంచి చిన్న మూలుగు వినిపించింది. పసిపిల్లది. నిద్రలో నేను అలాగే మూలుగుతానని ఆయనకి తెలుసు.

పిల్ల లోపలుంది… దాని దగ్గర.

సైకిలు అక్కడే పడేశాడు. భయంతో చచ్చిపోతూనే వెళ్ళి తలుపు తోశాడు. టార్చి వెలుగు మిషను మీద పడింది. తెల్లగా ఏదో కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని. మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు. అయినా కుడుతోంది…

అది తల తిప్పింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్…"

పేపరు కట్టలు రెండేసి మోసే మా మావయ్య, ఒక్క అరుపు అరిచాడు.

"దాన్ని లేపేశావు కదరా," అంది దెయ్యం, మా అమ్మ గొంతుతో.

అమ్మే. ఒంటిమీద ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న తెల్ల దుప్పటి. నేను నిద్రపోక ఏడుస్తుంటే, జ్వరంతో ఉన్న నాన్నని లేపడానికి మనసొప్పక, నన్ను తీసుకుని కొట్టుకొచ్చింది. మొదట ఆగకుండా తొక్కిందట. నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న అలా తొక్కడని. కుట్టు కుట్టుకీ ఆగుతాడు. సరే అని, లేని చొక్కాకి చేతులు కుట్టింది, కాలరు వేసింది, జేబు కూడా పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను అమ్మ ఒళ్ళో నిద్రపోయాను. ఆ నిద్రని మావయ్య చెడగొట్టాడు.

లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నాను. మావయ్య అలవాటుగా చేతులు చాచాడు. "రా బంగారం, రా." అమ్మ కూడా, పాపం, అలవాటుగానే నన్ను ఆయనకి అందించబోయింది.

నేను వెళ్ళలేదు. ఆయన్ని చూసి హడలిపోయి, అమ్మ మెడ రెండు చేతులా పట్టుకుని, ముఖం అక్కడ దాచుకున్నాను. కాస్త విడిపించబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నానట.

అమ్మ ఆ చీకట్లో నిజంగానే దెయ్యంలా బిగుసుకుపోయి కూర్చుందని మావయ్య అంటాడు. తర్వాత మెల్లగా, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా అంది.

"ఒరేయ్… ఇంకొక్కసారి అరవరా."

మావయ్య అరిచాడు. ఈసారి వీధి వీధంతా లేచింది. అందుకే చీకటిపడితే ఆ కొట్టుకి ఇప్పటికీ మంచి పేరు లేదు. ఆ చెడ్డపేరుని అమ్మ పోనివ్వదు.