ఆదివారం పాడే బేస్ గిటార్

లూజెర్న్ అనే స్విస్ నగరం పక్కన, ఎమ్మెన్‌లో మా వీధి చివర ఓ భవనం ఉంది. పైన పూలకుండీలు, తెల్లటి కర్టెన్లు... చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కిందనున్న బాంబు షెల్టర్ పేరెత్తితే మాత్రం ఇప్పటికీ కొందరు గొంతు తగ్గిస్తారు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నా, భయపడితే నా పూచీ లేదు!

ఇక్కడ ప్రతి భవనం కిందా అలాంటిది ఒకటి ఉంటుంది లెండి. బాంబులు పడలేదు గనక స్కీలు, వైన్ సీసాలు, బంగాళాదుంపలు పెట్టుకుంటారు. కాంక్రీటు తలుపు మూశారంటే లోపల ఎంత అరిచినా పైకి వినపడదు.

ఒకప్పుడు ఓట్మార్ అనే పెద్దాయన అందులో పాట సాధన చేసేవాడట. చర్చి బృందంలో అందరికన్నా లోతైన గొంతు ఆయనది. ఇంట్లో పాడితే పై అంతస్తులో గ్లాసులు గలగలమంటున్నాయని కిందికి తరిమారు. ఓ చలికాలం నుంచి మనిషి కనపడలేదు. పాట మాత్రం... ఆగలేదట!

ఆదివారం, చీకటి పడ్డాక, ఆ గోడల్లోంచి — ఊఁఁఁ...

ఆదివారమంటే ఈ దేశంలో అసలే చడీచప్పుడూ ఉండదు. గడ్డి కోయకూడదు, మేకు కొట్టకూడదు, బట్టలు ఉతకనే కూడదు. అలాంటి రోజున అలాంటి శబ్దం చేసేది మనిషెలా అవుతాడు చెప్పండి?

పాపం, ఫ్లూరిన్ కడుఫ్‌కి ఆ ఆదివారం ఆ షెల్టర్ తప్ప దిక్కు లేకపోయింది.

ఫ్లూరిన్ ఆ భవనంలోనే ఉంటాడు, బేకరీలో రొట్టెలు కాలుస్తాడు, ఆదివారమొక్కటే సెలవు. చిన్నప్పటి నుంచి వాడికి ఒకటే కోరిక — ఫాస్‌నాఖ్ట్ పండుగ ఊరేగింపులో, మొహానికి రంగేసుకుని, బ్యాండుతో కలిసి వాయిస్తూ నడవాలని. ఏటా పేవ్‌మెంటు మీద నిలబడి చూసినవాడే. ఈసారి బ్యాండు వాళ్లే పిలిచారు, లోతుగా మోగించే మనిషి కావాలన్నారు. వీడు ఆనందం పట్టలేక మర్నాడే వెళ్లి మెరిసిపోయే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ కొనుక్కొచ్చాడు!

బ్యాండు నాయకుడు దాన్ని కిందా మీదా చూసి అన్నాడట, "ఒరే ఫ్లూరిన్, మనం మంచులో నడుస్తూ వాయిస్తాం కదరా! దీని ప్లగ్గు ఎక్కడ పెడతావు? ముందు నడిచేవాడి చెవిలోనా?"

వాళ్లకి కావలసింది సూసాఫోన్. కొండచిలువలా ఒంటికి చుట్టుకుని తలమీద నోరు తెరుచుకునే ఇత్తడి బాకా. అది అమ్మే ఆయన ఈ ఆదివారం రాత్రి దాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తాడట. అది కొనాలంటే గిటార్ అమ్ముడుపోవాలి. పోకపోతే ఈ ఏడూ పేవ్‌మెంటే.

"కాస్త వాడిన బేస్ గిటార్, గీత కూడా పడలేదు" అని ప్రకటన ఇచ్చాడు. ఆదివారం ఇంట్లో వాయించి చూపిస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? అందుకే షెల్టర్‌లో పెట్టాడు. పోయిన ఆదివారం వచ్చిన కుర్రాడు గోడల్లోంచి ఏదో విని, తన గ్లవ్ ఒకటి వదిలేసి మరీ పారిపోయాడు.

ఇప్పుడొచ్చినవాడు కీలియాన్. మాంసం కొట్టు వాడు, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు. గిటార్ వాయించి చూసి మురిసిపోయాడు. స్టాండు మీద తిరిగి పెట్టాడు. ఆంప్లిఫయర్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"తీసుకుంటానోయ్. ఇదిగో డబ్బు—"

ఊఁఁఁ...

కీలియాన్ చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"నువ్వేనా... మీటింది?" గుసగుసగా అడిగాడు.

"నా చేతులివిగో..."

గిటార్ దగ్గర ఎవరూ లేరు. లావుపాటి తీగ మాత్రం... వణుకుతోంది. శబ్దం పెరిగింది, ఇంకా పెరిగింది — ఓఓఓఓఁ! — ఎవరో ముసలాయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని రాగం తీస్తున్నట్టు.

"చూడు తమ్ముడూ," కీలియాన్ వెనక్కి నడుస్తూనే అన్నాడు, "నేను గిటార్ కోసం వచ్చాను. అందులో ఉన్నాయన నాకొద్దు!"

దడదడా మెట్లెక్కిపోయాడు.

ఫ్లూరిన్‌కి ఏడుపొక్కటే తక్కువ. చేతులు జోడించాడు. "ఓట్మార్ గారూ... మీకు పుణ్యం ఉంటుంది. ఈ ఒక్క పూట నోరు కట్టుకోండి."

ఓట్మార్ వినలేదు. ఫ్లూరిన్ తెగించి తీగ మీద అరచెయ్యి అదిమిపెట్టాడు. గిటార్ నోరు మూసింది. అయినా... రెండో చెయ్యి ఆనించిన గోడ వణుకుతూనే ఉంది!

గోడ పట్టుకుని నడవాలో అడుగులో అడుగు వేశాడు. వణుకు వెంట పోగా పోగా... లాండ్రీ గది. లైటు లేదు. తలుపు సందులోంచి సబ్బు వాసన. చీకట్లో ఎర్రటి చుక్క ఒకటి... దాని పక్కన తెల్లటి ఆకారం!

"లైటు వెయ్యకండి కడుఫ్ గారూ!" అంది ఆకారం.

రెండో అంతస్తు బీస్లిన్ గారు! బట్టల బుట్ట బోర్లించి కూర్చున్నారు, ఒళ్లో దుప్పటి. ఎదురుగా వాషింగ్ మెషీన్ బట్టలు పిండుతూ గోడని గుద్దేస్తోంది, ఆ అదురుకే అవతల తీగ మోగింది. ఆ తలుపు మీద నియమాలు అంటించింది ఆవిడే. నూగు పట్టే జల్లెడ కడగకుండా వెళ్లినవాళ్లని మెట్ల మీద నిలేసేదీ ఆవిడే.

"బీస్లిన్ గారూ... ఆదివారం... ఉతుకుతున్నారా!"

"మెల్లగా! భవనమంతటికీ ఒక్కటే మెషీన్, ఆదివారం అదెంత ఖాళీగా ఉంటుందో మీకేం తెలుసు?"

"మరి ఓట్మార్ గారు..."

"ఆ పాట కథ నేనే పుట్టించాను. లేకపోతే మీరంతా కిందికి దిగరూ? ఆయన నిక్షేపంగా దక్షిణాన టిచీనోలో కూతురి దగ్గరున్నాడు. మొన్ననే కార్డు రాశాడు, అక్కడ ఎండ బాగుందట."

వీధిలో కారు స్టార్టవుతున్న చప్పుడు.

"నా బేరం పోతోంది! మీరే వచ్చి ఆ మనిషికి చెప్పండి."

"నేనా? ఆదివారం ఉతికానని? పరాయివాడితోనా?"

"అతనితో చెబుతారా, భవనమంతటికీ నన్ను చెప్పమంటారా?"

బీస్లిన్ గారు శాలువా తలమీదికి లాక్కుని, ఉరికంబానికి నడిచినట్టు మెట్లెక్కారు. కారు అద్దం దగ్గర వంగి ఏదో గొణిగారు. కీలియాన్ కళ్లు ఇంతలయ్యాయి.

"ఆదివారమా? బట్టలా?" గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు. "దీనికన్నా దెయ్యమే నయం కదమ్మా!"

కానీ దిగాడు. డబ్బిచ్చాడు. గిటార్‌ని, ఆంప్లిఫయర్‌ని కారులో వేసుకుని ఈలేసుకుంటూ పోయాడు. ఫ్లూరిన్ అక్కడికక్కడే సూసాఫోన్ ఆయనకి ఫోన్ చేశాడు. "వస్తున్నా, ఎవరికీ ఇవ్వకండి!"

షెల్టర్ తాళం వేద్దామని కిందికి దిగాడు. లాండ్రీ గదిలో బీస్లిన్ గారు తడి దుప్పట్లు బుట్టలోకి తీస్తున్నారు. మెషీన్ ఆగిపోయింది. ఎర్రచుక్క ఆరిపోయింది. షెల్టర్‌లో ఖాళీ స్టాండు తప్ప ఏమీ లేదు.

అప్పుడు... ఆ ఖాళీ షెల్టర్‌లోంచి—

ఊఁఁఁ...

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఓట్మార్ గారు టిచీనోలో ఉన్నారన్నారు కదండీ..."

"ఉన్నాడు... కార్డు కూడా రాశాడు..."

"మరి... ఇదెవరు?"

ఫ్లూరిన్ ఆ పండక్కి సూసాఫోన్ చుట్టుకుని ఊరేగింపులో నడిచాడు. నేనే చూశాను, మొహం వెలిగిపోతోంది. ఆ జవాబు మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిసిందొక్కటే — సోమవారం పొద్దున కిందికి దిగినవాళ్లకి నడవాలో తడి దుప్పట్ల బుట్ట కనిపించింది, మీద బీస్లిన్ గారి పేరుతో సహా. మెషీన్‌లో జల్లెడ కూడా... కడగలేదు.