పదివేల పాయింట్ల స్నిగ్ధ

తార్నాక మెట్రో స్టేషన్ పక్కనున్న సిరిసంత సూపర్ మార్కెట్లో, బిల్లు కట్టేటప్పుడు ఎవరైనా పాయింట్లు వద్దంటే స్నిగ్ధకు ప్రాణం ఉసూరుమనేది. ఆ రోజు అలా అన్నవాడు సరిగ్గా ఆమె వెనకాలే ఉన్నాడు. ఒక సబ్బు, రెండు బ్రష్షులు, కిలో అటుకులు కౌంటర్ మీద పెట్టి, మొబైల్ నంబర్ అడిగిన అమ్మాయికి అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏమండీ, మీకు అక్కర్లేకపోతే నా నంబర్ చెప్పండి," అంది స్నిగ్ధ, సంచి సర్దుకోవడం ఆపి.

"ఎందుకు?"

"పాయింట్లు ఊరికే పోతాయి కదా."

"పోతే పోనీయండి. నేను అటుకులు కొన్న ముచ్చట మీ ఫోన్ల ఎందుకు?"

ఇంత చిన్న సాయానికి ఇంత బెట్టా అని ఆమెకు ఒళ్లు మండింది. క్యూలో వెనకున్న పెద్దాయన సణగడం మొదలుపెట్టేసరికి అతనే విసుగ్గా, సరే చెప్పుండ్రి అన్నాడు. ఆమె పది అంకెలూ గడగడా అప్పజెప్పింది. పన్నెండు పాయింట్లు పడ్డాయి. థాంక్స్ అనేలోపే అతను సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

వారం తర్వాత స్నిగ్ధ హబ్సిగూడలో తన ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సిరిసంతలో ఏం కొన్నా ఆ జాబితా, పాయింట్లు ఆ నంబరుకు వస్తాయి. మళ్లీ అటుకులు, నాలుగు పెన్నులు, పద్దెనిమిది పాయింట్లు. అంటే ఆ మొండి మనిషి నంబర్ గుర్తుపెట్టుకుని మరీ చెప్పాడన్నమాట. ఆమెకు కారణం లేకుండా నవ్వొచ్చింది.

రెండు రోజుల తర్వాత యూనివర్సిటీ క్యాంపస్ క్యాంటీన్లో అతను కనబడితే స్నిగ్ధే వెళ్లి ఎదురుగా కూర్చుంది. పేరు దివాకర్. జనగామ దగ్గర పల్లె, కౌలు సేద్యం చేసే ఇల్లు. కంది కాయను తొలిచే పురుగు మీద జువాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆమె చదివేది ఎం.ఏ. ఎకనామిక్స్ అని, పాయింట్ల కోసం ఏమేం కొంటుందో విని అతను టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. ఎకనామిక్స్ చదివిన పిల్ల ఉచితంగా ఎయిర్ ఫ్రయర్ వస్తుందని ఇంటినిండా ఫినాయిల్ సీసాలు పేర్చుకోవడమేంటని అడిగాడు. పదివేల పాయింట్లకు ప్లాటినం వస్తుందని, ప్లాటినానికి ఎయిర్ ఫ్రయర్ వస్తుందని ఆమె చాలా శ్రద్ధగా వివరించింది.

అది మొదలు వాళ్లు కలిసి తిరిగింది సినిమాలకు కాదు, సిరిసంతకు. ఓట్స్ మీద రెట్టింపు పాయింట్లుంటే దివాకర్ ఓట్స్ కొన్నాడు. షాంపూ మీదుంటే షాంపూ కొన్నాడు. వానలో ఒకే గొడుగు కింద నడుస్తూ అతను పురుగుల సంగతులు చెబితే, ఆమె అతని భుజం తడవకుండా గొడుగు పక్కకు వంచేది. ఆ పిచ్చి సంతోషానికి ఏ పేరు పెట్టాలో ఆమెకు తెలుసు. పైకి మాత్రం అనలేదు. అతనూ అనలేదు.

ఆగస్టులో అతని ఫైనల్ వైవా ఖాయమైంది. శుక్రవారం మూడింటికి డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో. ఊరినుంచి వాళ్ల నాన్న ఉప్పలయ్య వస్తున్నాడు. "నువ్వు రావాలె. బాపుకు నిన్ను చూపెట్టాలె," అన్నాడు దివాకర్. ఎందుకని ఆమె అడగలేదు. తప్పకుండా వస్తానంది.

కర్మకాలి ఆ శుక్రవారమే ఐదు రెట్ల పాయింట్ల ఆఫర్. పైగా ఆమె పోగేసుకున్న తొమ్మిదివేల నాలుగువందల పాయింట్లకు ఆ రాత్రితోనే గడువు. ఒంటిగంటన్నరకు హబ్సిగూడ బ్రాంచికి వెళ్లింది, అరగంటలో బయటపడొచ్చని. ఊరంతా అదే అనుకున్నట్టుంది. క్యూ కూరగాయల దాకా సాగింది. రెండున్నరకు కంప్యూటర్లు మొరాయించాయి. ఇంకా ఆరుగురే ఉన్నారు కదా అనుకుంది. తర్వాత నలుగురే కదా అనుకుంది. మూడవుతుండగా దివాకర్ మెసేజ్ వచ్చింది. "ముందు వరుసల నీకు కుర్చీ పట్టిన." ఇద్దరే కదా అనుకుంది.

నాలుగుంబావుకు కౌంటర్ చేరితే, ఐదు రెట్లు సౌందర్య సాధనాలకేనని, అవి కూడా నెల తర్వాతే కలుస్తాయని చెప్పారు. పాతవాటి గడువు మాత్రం ఈ రాత్రికే. స్నిగ్ధ ట్రాలీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది.

సెమినార్ హాల్లో దివాకర్ స్నేహితుడు ప్రణీత్ ఒక్కడే కుర్చీలు సర్దుతున్నాడు. వైవా బాగా జరిగిందని, డాక్టరేట్ ఇచ్చేశారని ముభావంగా చెప్పాడు. ఆమెకు పట్టిన కుర్చీలో ఎవరూ కూర్చోకుండా ఉప్పలయ్య చివరిదాకా తన తువ్వాలు పరిచి ఉంచాడట.

"వానికి ఓట్స్ పడవు స్నిగ్ధా. మా హాస్టల్ల ఆర్నెల్ల నుంచి అందరం అవే తింటున్నం," అన్నాడు ప్రణీత్.

సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. దివాకర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి చేయబోతుంటే మెసేజ్ వచ్చింది. సిరిసంత, తార్నాక బ్రాంచి. మైసూర్‌పాక్, బిస్కెట్లు, నలభై నాలుగు పాయింట్లు. ఇంత కోపంలోనూ ఆమె నంబరే చెప్పాడు. స్నిగ్ధకు ఏడుపు ఆగలేదు.

వెంటనే తార్నాక వెళితే, మెట్రో మెట్ల దగ్గర తండ్రీకొడుకులు దొరికారు. సన్నగా తుంపర పడుతోంది. దివాకర్ ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"నా నంబర్ ఎందుకు చెప్పావు?"

"అలవాటైంది. అడగంగనే నా నంబర్ కన్న ముందు నీదే నోట్లకొస్తది. ఏం జేయాలె?"

"నేను ఆఫర్ కోసమే ఆగిపోయాను. ట్రాఫిక్ అనో జ్వరమనో చెప్పను."

"తెలుసు. మొదటి దినం సంది నువ్వు వచ్చింది పాయింట్ల కోసమే కద."

"మొదటి నెల అంతే," అంది స్నిగ్ధ. "తర్వాత నీకోసం వచ్చాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్ని నెలలు నానబెట్టి, చెప్పాల్సిన రోజున క్యూలో నిలబడ్డాను. అంత తెలివితక్కువదాన్ని."

ఉప్పలయ్య మైసూర్‌పాక్ డబ్బా తెరిచి ఆమె చేతిలో ఒక ముక్క పెట్టాడు.

"తిను బిడ్డా. నాకు ఉప్పల్‌ల బస్సున్నది, నేను పోత. వాడు చెప్పిందాన్ల సగం ఇంగ్లీషే, నాకు సమజ్ కాలే. నువ్వు కూసొని మొత్తం ఇను. ఇన్నంక గీ పిలగాడు నచ్చుతడో లేదో అప్పుడు చెప్పు."

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. వీళ్లిద్దరూ క్యాంపస్ దాకా నడిచారు. జువాలజీ వరండాలో లైటు కింద దివాకర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. మొత్తం నలభై ఆరు స్లైడ్లు. మొదట బిగుసుకుని చెప్పాడు. పదో స్లైడ్‌కల్లా చేతులు ఊపసాగాడు. పురుగు ఏ వేళ గుడ్లు పెడుతుందో, రైతు మందు ఎప్పుడు కొట్టాలో చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది. దోమలు కుడుతున్నా స్నిగ్ధ కదల్లేదు. ఇంత మంచి మనిషిని ఓట్స్ కొనడానికి వాడుకున్నానే అనుకుంది.

చివరి స్లైడ్ అయిపోయింది.

"ఎనీ క్వశ్చన్స్?" అన్నాడు, కొంచెం బింకంగానే.

"ఒకటుంది. మీ నాన్నగారు మళ్లీ ఎప్పుడొస్తారు? మా అమ్మకీ నాన్నకీ ముందే చెప్పి ఉంచాలి."

మధ్యాహ్నం ముగ్గురు ప్రొఫెసర్లకు తడుముకోకుండా జవాబిచ్చినవాడు ఇప్పుడు ల్యాప్‌టాప్ రెండుసార్లు మూసి తెరిచాడు. చివరికి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆదివారం రమ్మంట," అన్నాడు.