గుమ్మం రెండు కిలోమీటర్లు జరిగింది

మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని ఉదయం ఏడున్నరకి అతని గుమ్మంలోనే కాల్చేశారు. రెండు గుళ్లు. సైలెన్సర్. పక్కవాటా ఆవిడ చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీస్తే మనిషి గడప మీద అడ్డంగా పడున్నాడు.

పదింటికి రీసెర్చ్ కాలేజీ మ్యాప్ ల్యాబులో హెల్ప్ డెస్క్ ఫోన్ మోగింది.

"నా మ్యాప్ తలకిందులుగా కనబడుతోంది," అంది అవతలి గొంతు.

"సేవ్ చేసుకున్నారా సార్?"

"చేసుకోలేదు."

కోడ్ కుదిరింది. అవతల ఉన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన. ఇవతల ఉన్నది ఏజెంట్ నలభై ఒకటి. ఈ ల్యాబులో మాత్రం, మ్యాపు మీద పొరలు పేర్చే పని చూస్తాడని, అతన్ని అందరూ లేయర్ బాబాయ్ అంటారు. నడుముకి దూది కట్టుకున్న బొజ్జ, తెల్లరంగు పూసిన జుట్టు, చెవిలో చెవిటి మిషన్. ఆ మిషన్ నిజానికి రిసీవర్. ఎనిమిది నెలలుగా ప్రొఫెసర్లంతా అతని చెవిలో అరుస్తూనే ఉన్నారు. ఇప్పుడు నిజంగానే కాస్త వినికిడి తగ్గింది.

"డ్రాఫ్ట్స్‌మన్ పోయాడు," అన్నాడు పెద్దాయన. "సర్వేయర్ నిన్నటిదాకా ఉన్న ఇంటి తలుపు కూడా పగలగొట్టారు. వాళ్ల అదృష్టం బాగుండి నిన్న సాయంత్రమే వాళ్లను వేరే ఇంటికి మార్చాను. మీ అక్క కూడా అక్కడే ఉంది."

నలభై ఒకటి ఫోన్ని చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. సర్వేయరంటే అతని అక్క మొగుడు. విదేశీ ముఠా ఊరి మంచినీళ్ల పైపుల మ్యాపు కాపీ చేస్తుండగా కళ్లారా చూసినవాళ్లు ఈ ల్యాబుకి సర్వే చేసే వీళ్లిద్దరే. ఆ ఇద్దరిలో ఒకడు పొద్దున్నే పోయాడు.

"వాళ్లిద్దర్నీ దాచిన అడ్రసులు నాకు తప్ప నరమానవుడికి తెలియవు. లీక్ మీ ల్యాబులోనే ఉంది. రేపు పదకొండింటికి మీ బావ కోర్టులో నోరు విప్పాలి. అందాకా బతికుండాలి. మూడూ నలభై ఐదుకి మళ్లీ చేస్తా."

"ఆరు నెలల కింద వచ్చిన విజిటింగ్ ప్రొఫెసర్ మేడం మీద కన్నేయమంటారా?"

"ఆవిడ్ని కదపకు. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తున్న మనిషి ఆవిడే." ఫోన్ పెట్టేశాడు.

పెద్దాయన నంబరు ఎవరి దగ్గరా ఉండదు. ఆయన చేయాల్సిందే తప్ప ఆయనకి చేసే దారి లేదు.

నలభై ఒకటి మధ్యాహ్నం మూడింటిదాకా సర్వర్ రికార్డులన్నీ జల్లెడ పట్టాడు. ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎవరు ఏది దింపుకున్నారు, అన్నీ చూశాడు. దొంగ దొరకలేదు. ఆఖరికి ఏమీ తోచక డ్రాఫ్ట్స్‌మన్ పేరు కొట్టి వెతికాడు.

మ్యాపు మీద ఒక ఎర్రచుక్క వెలిగింది. ఆ చుక్క పొద్దుటి వార్తల్లో వచ్చిన వీధిలో, డ్రాఫ్ట్స్‌మన్ దాక్కున్న ఇంటి గుమ్మం.

కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఆ ల్యాబు పని ఊరూరి బావుల లెక్క తీయడం. సర్వే వాళ్లు బావి దగ్గర నిలబడి జీపీఎస్ హ్యాండ్‌సెట్ నొక్కుతారు. ఆ పాయింట్ కొట్టినవాళ్ల పేరుతో సహా సర్వర్‌కి వచ్చి పడుతుంది. సరిగ్గా నాలుగింటికి ఆ రోజు పాయింట్లన్నీ ఉమ్మడి మ్యాపులోకి ఎక్కుతాయి. నాలుగువందల మంది యూజర్లు చూస్తారు. అయితే సర్వే వాళ్లకి ఒక అలవాటుంది. పొద్దున లేవగానే సెట్ సరిగా ఉందో లేదో చూడ్డానికి సొంత గుమ్మంలో నిలబడి ఒక పాయింట్ కొడతారు. అదే టెస్ట్ పాయింట్. నాలుగు లోపు వాటిని ఏరి తుడిచేయడం హెల్ప్ డెస్క్ పని. అంటే లేయర్ బాబాయ్ పని.

దాక్కున్న ఇళ్లలో వాళ్ల ఫోన్లు లాక్కున్నారు. హ్యాండ్‌సెట్‌లో కూడా సిమ్ ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

మొన్న అతను పాయింట్లు తుడవలేదు. వాచ్‌మన్ మీద అనుమానంతో ఊరంతా అతని వెనకాలే తిరిగి గూఢచర్యం వెలగబెట్టాడు. తీరా చూస్తే ఆ వాచ్‌మన్ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. తను సీట్లోకి వచ్చేసరికి అయిదయింది. పోతే పోనీ, టెస్ట్ పాయింట్లు ఎవడు చూస్తాడనుకున్నాడు.

చూసేవాళ్లు చూశారు.

ఇవాళ్టి పాయింట్ల ఫైలు తెరిచాడు. పన్నెండో వరుసలో బావ పేరు. ఉదయం ఆరూ పది. కొత్త ఇంటి గుమ్మం. ముప్ఫయ్యేళ్ల అలవాటు. ప్రాణాల మీదకొచ్చినా చెయ్యి ఊరుకోదు.

డిలీట్ నొక్కాడు.

'ఈ ఫైలును వేరొకరు వాడుతున్నారు. మార్చడం కుదరదు.'

యూజర్ పేరు చూశాడు. భూగర్భజలాల ప్రొఫెసర్. ఫోన్ చేశాడు.

"సార్, బావుల ఫైలు తెరిచి పెట్టారా? కాస్త మూసేయండి."

"నేనెక్కడ తెరిచానయ్యా! క్లాసులో ఉన్నాను!" చెవి చిల్లుపడేలా అరిచాడు ప్రొఫెసర్.

"మరి మీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా?"

"చెప్పడమెందుకు? మాటిమాటికీ అడుగుతున్నారని నా గది బోర్డు మీదే రాసి పెట్టాను!"

ఖరీదైన సెంటు వాసన గుప్పుమంది. నలభై ఒకటి తలెత్తాడు. విజిటింగ్ మేడం. నీలం చీర, నల్లద్దాలు, పెదాల మీద నవ్వు. కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. ఒళ్లోని హ్యాండ్‌బ్యాగ్ కాస్త తెరుచుకుంది. అందులోంచి పిస్టల్ మూతి అతని దూదిబొజ్జ వైపు చూస్తోంది.

"ఫైలు నేనే పట్టుకున్నాను బాబాయ్," అంది మెల్లగా. "ఇందులో అంకెలు తప్ప వీధులు లేవు. మ్యాపు మీద పడేదాకా, అంటే నాలుగింటిదాకా కబుర్లు చెప్పుకుందాం."

"మీరు మావైపని పెద్దాయన అన్నారు."

"మీ వైపూ ఉన్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఒడ్డు దగ్గరపడ్డాక ఒక పడవ దిగిపోవాలిగా?"

"సర్వేయర్ నా బావ."

"అయ్యో పాపం." ఆమె గోళ్లు చూసుకుంది. "నా వాళ్లు కారులో తయారుగా ఉన్నారు. పాయింట్ పడగానే పావుగంట పని. కదిలావంటే ముందు నువ్వు, తర్వాత వాడు."

మూడూ నలభై ఐదు. ఫోన్ మోగింది. నలభై ఒకటి ఆమె వైపు చూశాడు.

"ఎత్తు. మామూలుగా మాట్లాడు. ఎత్తకపోతే అనుమానం. స్పీకర్లో పెట్టు."

"నా మ్యాప్ తలకిందులుగా కనబడుతోంది," అన్నాడు పెద్దాయన, హెల్ప్ డెస్క్‌కి చేసినప్పుడు పెట్టే రైతు గొంతుతో.

నలభై ఒకటి బుర్ర గానుగెద్దులా తిరుగుతోంది. ఫైలు ఆమె చేతిలో ఉంది. ఒక్క చుక్క కూడా చెరపలేడు. కానీ చుక్కలన్నిటినీ ఉమ్మడి మ్యాపు మీద పరిచేది ఎవరు? తనే. పాత సర్వేలు పక్కకి పడ్డప్పుడు సరిచేయడానికి ఒక సెట్టింగ్ ఉంది. తూర్పుకి ఇన్ని మీటర్లు, ఉత్తరానికి ఇన్ని మీటర్లు. అది హెల్ప్ డెస్క్‌కి తప్ప ఎవరికీ కనబడదు.

"తలకిందులు కాదు సార్, మీ మ్యాపు పక్కకి జరిగింది," అన్నాడు. "ఇప్పుడే సరిచేస్తున్నా. నాలుగింటికి మీ బావి రెండు కిలోమీటర్లు తూర్పుకి జరుగుతుంది. పాత సిమెంటు గోదాము వెనక సందులో పడుతుంది. మనుషుల్ని పంపి అక్కడ చూసుకోండి. ఎంతమంది వీలైతే అంతమందిని పంపండి, బావి లోతెక్కువ."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడు.

"నీళ్లున్నాయంటావా?"

"నాలుగూ పదికల్లా నిండుతుంది సార్."

ఫోన్ ఆగిపోయింది. మేడం కనుబొమలు ముడేసింది. "ఏం బావి?"

"ఎవరో రైతుల సంఘం ఆయన. వాళ్ల బావి వాళ్ల చేలో పడలేదని నెలరోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాడు." సెట్టింగ్ తెరిచాడు. "ఇది చేయకపోతే మళ్లీ మళ్లీ చేస్తాడు. చేసేయనా?"

ఆమె తెర వైపు వంగి చూసింది. అంకెలు, పెట్టెలు. ఆరు నెలలు ల్యాబులో తిరిగినా ఒక్క రోజు కూడా ఈ పని నేర్చుకోవాలనిపించలేదు ఆమెకి. "చేసి తగలడు."

బావ గుమ్మానికీ గోదాముకీ మధ్య దూరం తెర మీద కొలిచాడు. చెమట కంట్లోకి కారింది. ఒక అంకె తప్పితే ఇంకెవరి గుమ్మమో అవుతుంది. ఆ గుమ్మంలో ఎవరుంటారో? ఎవరి అక్కో. చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ కొలిచాడు.

మూడూ యాభై తొమ్మిది. 'ఖాయమేనా?' అని అడిగింది సర్వర్.

"ఎన్నిసార్లు అడుగుతుందయ్యా ఇది!" విసుక్కుంది మేడం.

"రెండుసార్లు అడుగుతుందండీ. మనుషులు తొందర జాతి కదా."

రెండోసారి నొక్కిన మరుక్షణం నాలుగయింది. మ్యాపు మీద చుక్కలన్నీ వరసగా వెలిగాయి. మేడం బావ పేరు వెతికి పట్టుకుని ఫోన్‌లో చెప్పింది. "పాత సిమెంటు గోదాము వెనక సందు. మూడో తలుపు. కానివ్వండి."

తర్వాత ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. పాత ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. నలభై ఒకటికి అక్క గుర్తొచ్చింది. ఈపాటికి బట్టలు మడతపెడుతూ ఉంటుంది. బావ ఏదో ఒకటి అని తిట్లు తింటూ ఉంటాడు. లెక్క సరిగ్గా కట్టానా? తూర్పుకా, పడమరకా?

నాలుగూ పన్నెండుకి ల్యాబు తలుపు దభాలున తెరుచుకుంది.

"బాబాయ్! నా బావులన్నీ సినిమా హాల్లో పడ్డాయేంటి!" ముందు ప్రొఫెసర్. వెనక పదిహేనుమంది.

"మా చెరువు రైలు స్టేషన్లో ఉంది!"

"మావి శ్మశానంలో ఉన్నాయి బాబాయ్, రేపే నా వైవా!"

అందరూ డెస్క్ మీద పడ్డారు. మేడం ఫోన్ మోగింది. ఆమె చెవి దగ్గర పెట్టుకుంది. ముఖం తెల్లకాగితమైంది. చెవిటి మిషన్‌లోని రిసీవర్‌లో నలభై ఒకటికీ వినబడింది, పెద్దాయన గొంతు. "నీళ్లు పడ్డాయి మేడం. మీవాళ్లు నలుగురూ మా దగ్గరే ఉన్నారు."

ఆమె చెయ్యి బ్యాగ్‌లోకి వెళ్లింది. కానీ చుట్టూ పదిహేనుమంది. ప్రొఫెసర్ ఆమె మోచెయ్యి పట్టుకుని తెర వైపు లాగుతున్నాడు. "మీరైనా చూడండి మేడం, సినిమా హాల్లో బావి ఉంటుందా?" ఆ లాగుడుకి బ్యాగ్ కిందపడింది. నలభై ఒకటి బొజ్జతో సహా దాని మీద పడ్డాడు. ఆ బొజ్జ ఎనిమిది నెలల్లో పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

కేబుళ్లు చూడ్డానికి వచ్చామంటూ పెద్దాయన మనుషులు ఇద్దరొచ్చి మేడంని బయటకి తీసుకుపోయారు.

కాసేపటికి పెద్దాయన ఫోన్లోంచే బావ మాట్లాడాడు. "ఒరేయ్, నా హ్యాండ్‌సెట్ లాక్కున్నార్రా వీళ్లు! రేపు పొద్దున సెట్ సరిగా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"బావా, గుమ్మంలోకి రాకు. అక్క మీద ఒట్టు."

"ఏరా, ఒట్టు వేయడానికి నేనే దొరికానా!" వెనకనుంచి అక్క. ఆ గొంతు విని అతను కళ్లు తుడుచుకున్నాడు.

మ్యాపుని పక్కకి జరిపిన సెట్టింగ్ తీసేశాడు. బావులన్నీ ఎవరి ఊళ్లకి అవి తిరిగొచ్చాయి. బావ గుమ్మాన్ని తుడిచేశాడు. డ్రాఫ్ట్స్‌మన్ గుమ్మం దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత దాన్నీ తుడిచాడు. ఫిర్యాదుల పట్టీ తెరిచాడు. అరవై మూడు. ఒక్కోదానికి జవాబు రాసి, ఆఖరున అరవై నాలుగోది తనే రాసుకున్నాడు. 'మొన్న హెల్ప్ డెస్క్‌లో మనిషి లేడు. టెస్ట్ పాయింట్లు తుడవలేదు. ఒక ప్రాణం పోయింది. దీనికెవరు జవాబు చెబుతారు?'

పంపించాడు. వెంటనే సర్వర్ బదులిచ్చింది. 'మీ ఫిర్యాదు అందింది. రెండు పనిదినాల్లో మా సిబ్బంది మిమ్మల్ని సంప్రదిస్తారు.'

సిబ్బంది అంటే అతనొక్కడే.