జాబితాలు మార్చుకున్న రోజు

బళ్లారి వీధుల్లో ఇనుప ఖనిజం లారీలు బారులు తీరిన రోజులవి. సత్యనారాయణపేటలో ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికల్లా ఎర్రబారేది. ఇప్పుడా హోరు లేదు. అయినా రెండువేల ఎనిమిది డిసెంబరు తలపుకొస్తే సవితకు ఇప్పటికీ గుండె తీయగా బరువెక్కుతుంది.

ముంబై దాడులు జరిగి రెండు వారాలైనా కాలేదు. యుద్ధం వస్తుందా రాదా అన్నదే ఊరంతా మాట. కాలేజీలో డిబేట్ కూడా దాని మీదే: 'అణుబాంబులే భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధాన్ని ఆపుతున్నాయి.'

హగరి ఏటి దగ్గర పొలాలూ పది లారీలూ ఉన్న ఇంటి అబ్బాయి చక్రధర్ అవునన్నాడు. "ఇద్దరి దగ్గరా బాంబుంది. ఇద్దరికీ భయముంది. ఆ భయమే కాపలా!"

చప్పట్లు మోగిపోయాయి.

సవిత లేచింది. "భయపడినోడు తొందరపడతాడు. ఆలోచించుకునే టైమ్ నిమిషాలే. ఒక్కడు పొరపాటు పడితే..."

అక్కడే ఆపేసింది. ఆమె అన్న తిప్పన్న రాజస్థాన్ సరిహద్దులో జవాను. సెలవు రద్దయింది. పది రోజులుగా ఫోను లేదు. మిగతాది చెప్పకుండానే స్టేజి దిగిపోయింది.

కప్పు చక్రధర్‌కు దక్కింది.

బయట తుంపర. బస్‌స్టాపులో ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఏందప్పా, కప్పు చూపించేకి వచ్చినావా?"

"లేదు సవితా. మీ అన్న సంగతి ఇప్పుడే తెలిసింది. సారీ చెప్పేకి..."

"చెప్పినావు కదా, ఇంక పో."

అంతలో ఓ లారీ గుంతలో పడి లేచింది. ఎర్రబురద అతని చొక్కానిండా చిమ్మింది.

"మీ లారీనేనా?"

"మాదే," అన్నాడు దిగాలుగా. వద్దనుకున్నా ఆమెకు నవ్వొచ్చేసింది.

మర్నాటి నుంచి లైబ్రరీలో పేపర్లన్నీ ముందు అతనే చదివేవాడు. ఆమెకు భయపెట్టే వార్త మెల్లగా, మంచి వార్త గట్టిగా చెప్పేవాడు. "రేడియోలో చేరప్పా, బాగుంటాది," అని ఆటపట్టించేది సవిత. అయినా అతను రావడం ఆలస్యమైతే చూపులన్నీ గుమ్మం మీదే.

జనవరి రెండున చక్రధర్ పేపరు పట్టుకొని నేరుగా సవిత ఇంటికే పరుగెత్తుకొచ్చాడు.

"సవితా, చూడు! రెండు దేశాలూ నిన్న అణుకేంద్రాల జాబితాలు మార్చుకున్నాయంట. వాటి మీద దాడి చేయకూడదని ఒప్పందం. ప్రతి జనవరి ఒకటికీ ఇచ్చుకుంటారంట. ఇంత కోపంలోనూ మాట తప్పలేదు!"

"హౌదా? నిజమేనా?" ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివింది.

"డిబేట్‌లో నేను చెప్పింది తప్పు. భయమొక్కటే చాలదు. ఒకరికొకరు ఇచ్చుకున్న మాట కూడా ఉండాల." కాస్త తడబడ్డాడు. "నేనూ ఒక మాట చెప్పాల. నువ్వంటే నాకిష్టం."

ఆమె తలెత్తేలోగా లోపల ఫోను మోగింది. "తిప్పన్నే! నా కొడుకే!" తల్లి మారెక్క కేక.

సవిత పరుగున వెళ్లి ఫోను లాక్కుంది. "అన్నా, యాడ ఉండావు?"

"ఈడనే, ఇసకలో. బాగుండా. ఏడవద్దు. ఇంట్లో ఎవురిదో గొంతు వినపడతాండాది, ఎవురే?"

గుమ్మంలో నిలబడ్డ చక్రధర్ వైపు చూసింది. "నన్ను డిబేట్‌లో ఓడించి, తప్పు నాదేనని చెప్పేకి ఇంటిదాకా వచ్చినోడు."

అవతల తిప్పన్న పెద్దగా నవ్వాడు. "నీకిష్టమేనా?" అనడిగితే ఊ అంది సవిత.

ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది సవిత. "సెలవు దొరికినాక మా అన్న మీ నాయనతో మాట్లాడేకి వస్తాడంట."

చక్రధర్ నవ్వుతూ గడప మీదే కూర్చున్నాడు. ఎవరు, ఏమిటని అడగకుండానే మారెక్క అతనికీ ఓ గ్లాసు కాఫీ తెచ్చింది.