జానెడు దూరం

పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ముందు చిన్న కథ, ఆ తర్వాత నీతి చెప్పడం నాకు అలవాటు. ఇన్నేళ్ళ మాస్టరు ఉద్యోగంలో నీతి లేని కథ ఒక్కటీ చెప్పలేదు. ఈ కథకు నీతి ఏమిటో మాత్రం నాకింకా తేలలేదు.

మా ఇల్లు బడి వెనకాలే. ముందు రెండు గదులు, ఆ వెనక వంటిల్లు, పెరట్లో విడిగా ఒక ఒంటిగది. అన్నీ పాతకాలపు మందం గోడలు. సెల్ సిగ్నల్ గడప దాటి లోపలికి రాదు. ఫోన్ మాట్లాడాలంటే వాకిట్లోకైనా రావాలి, లేదంటే ముందుగది అలమరలో ఉన్న వైఫై డబ్బా మీదైనా ఆధారపడాలి. దాని సిగ్నల్ ఒంటిగది దాకా అందేది.

ఆ ఒంటిగదిలో పళ్ళ బాబాయ్ అద్దెకుండేవాడు. నాకంటే, మా ఆవిడ కంటే కాస్త పెద్దవాడు, ఒంటరివాడు. పంటి డాక్టర్లు పంపే దవడ అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారు చేసేవాడు. గది నిండా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. బల్ల మీద చిగుళ్ళ రంగు మైనం, స్పిరిట్ దీపం, మైనం చెక్కే చిన్న కత్తి, మూల ప్లాస్టర్ పొడి బస్తా. ఆయన సొంత పళ్ళు ఎప్పుడో రాలిపోయాయి. తను చేసుకున్న సెట్టే పెట్టుకునేవాడు. పొద్దున్నే పెరటి కొళాయి దగ్గర దాన్ని తీసి, కడిగి, లోపలికి తోసుకునేవాడు. 'చట్' మని చప్పుడయ్యేది. మా ఆవిడ ఆ చప్పుడు వింటే కాఫీ గ్లాసు పక్కన పెట్టేసేది.

"మాస్టారూ, మీరేమో పిల్లల్ని నోరు మూసుకోమంటారు. నేనేమో జనాన్ని నోరు తెరవమంటాను. ఎటు చూసినా ఇద్దరిదీ నోటి బతుకే," అని నవ్వేవాడు.

వైఫై పాస్‌వర్డ్ విషయంలో నాకొక నియమం ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మార్చేస్తాను. ఎవరికీ నోటితో చెప్పను, కాగితం మీద రాయను. నోరు దాటిన మాట ఊరు దాటుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, నేను పాటించకపోతే ఎలా?

"ఇనప్పెట్టెకి కూడా ఇన్ని తాళాలుండవు. చాదస్తం!" అనేది మా ఆవిడ.

ఫోన్లలో ఒక సదుపాయం ఉంది కదా, అది నా చాదస్తానికి అతికినట్టు సరిపోయింది. అవతలివాళ్ళ నంబరు మన ఫోన్లో దాచుకుని ఉండాలి. వాళ్ళు వచ్చి తమ ఫోన్ మన ఫోన్ పక్కన, జానెడు దూరంలో పెట్టాలి. అప్పుడు మన తెర మీద ప్రశ్న వస్తుంది. ఫలానా వారు మీ నెట్‌వర్క్‌లో చేరాలనుకుంటున్నారు, పాస్‌వర్డ్ పంచుకుంటారా అని. ఒక్క నొక్కు నొక్కితే చాలు, అక్షరం బయటపడకుండా అటు వెళ్ళిపోతుంది. అడిగేవాడు ఎదురుగా వచ్చి నిలబడాలి. అదే నాకు నచ్చింది.

పళ్ళ బాబాయ్ ఒకటో తారీఖు సాయంత్రం తప్పకుండా వచ్చేవాడు. ప్లాస్టర్ అంటిన చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ నా ఫోన్ పక్కన పెట్టి, ముఖం దగ్గరికి తెచ్చి, "మాస్టారూ, కాస్త తాళం తిప్పండి," అనేవాడు. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. ఆ లవంగం వాసన కింద ఇంకో వాసన కూడా ఉండేది. నేను ఊపిరి బిగబట్టి నొక్కేవాణ్ణి.

పోయిన వేసవి సెలవుల్లో మేము మా అక్క వాళ్ళ ఊరికి బయల్దేరాం. ఆ రోజు ఒకటో తారీఖు. మా ఆవిడ పెట్టెలు సర్దుతుంటే నేను పాస్‌వర్డ్ మార్చాను. పెరట్లోకి వెళ్ళి ఆయనకు ఇచ్చి రావాల్సింది. బస్సుకు టైమైపోతోంది. ఆ నోటి వాసన గుర్తొచ్చింది. తిరిగొచ్చాక ఇద్దాంలే, కొంప మునిగిపోదు కదా అనుకున్నాను.

పన్నెండు రోజులకు తిరిగొచ్చాం.

వీధి గేటు తీయగానే వాసన ముక్కుకు కాదు, నాలుకకు తగిలింది. తియ్యగా, జిడ్డుగా. ఒంటిగది కిటికీ అద్దం నల్లగా కనిపించింది. పరదా వేశాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే ఆ నలుపు కదిలింది. అన్నీ ఈగలు.

పళ్ళ బాబాయ్ జారిపడి, తుంటి విరిగి, లేవలేక అక్కడే పోయాడట. పడుతూ పడుతూ ప్లాస్టర్ బస్తా మీదికి లాక్కున్నాడు. ఎండకి ఒంట్లోంచి కారిందంతా ఆ పొడి తాగింది. తాగి గట్టిపడింది. మనిషిని నేల నుంచి విడదీయడానికి మున్సిపాలిటీ వాళ్ళు ఉలి, సుత్తి తెచ్చారు. ఒక్కో దెబ్బకూ లోపల మెత్తగా ఏదో చితికిన చప్పుడు. ఫోన్ ఆయన గుప్పిట్లోనే ఉంది, ఆ ముద్దలో కూరుకుపోయి. అలాగే తీసుకెళ్ళారు. నోట్లో పళ్ళ సెట్టు మాత్రం లేదు. గదంతా వెతికినా దొరకలేదు.

వాళ్ళు వెళ్ళాక నేనొక్కణ్ణే గదిలో నిలబడ్డాను. పడుకున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో గోడ మీద గీతలు కనిపించాయి. మైనం కత్తితో గీకినవి. మా బడి పేరు, మా ఆవిడ పేరు, ఇంటి నంబరు, నేను పిల్లలకు చెప్పే పద్యంలో మొదటి మాట. ఒక్కొక్కటి రాసి, కొట్టేసి, దాని కింద ఇంకొకటి. మొత్తం పదిహేడు. ఎవరినైనా ఫోన్లో పిలవడానికి, నా పాస్‌వర్డ్ ఏమై ఉంటుందా అని పదిహేడు సార్లు ఊహించాడు. చివరివి అక్షరాలు కూడా కావు.

ఆ సాయంత్రమే గోడకు సున్నం వేసేశాను. మా ఆవిడకు ఈ రోజుకీ చెప్పలేదు.

*

ఎనిమిది నెలల తర్వాత మా అక్క కూతురు వచ్చింది. కొత్త ఉద్యోగానికి నెల రోజుల శిక్షణ, అంతా ఫోన్లో వీడియో పాఠాలే. వాళ్ళింట్లో చిన్నపిల్లల గోల ఎక్కువని మా దగ్గరికి పంపారు. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని అక్షరాలు దిద్దిన పిల్ల. మాకు పిల్లల్లేరు. ఉన్నదంతా అదే.

"ఒంటిగది ఇచ్చేద్దాం. కడిగించి, శాంతి కూడా చేయించాం కదా. ప్రశాంతంగా చదువుకుంటుంది," అంది మా ఆవిడ.

వద్దనాలంటే గోడ మీది గీతల సంగతి చెప్పాలి. చెప్పలేక సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి, ఇల్లంతా దీపం పెట్టాల్సినంత మసకగా ఉంది. మేనకోడలు ఫోన్ తెచ్చి నా ఫోన్ పక్కన పెట్టింది.

"మామయ్యా, తాళాల పెద్దమనిషీ, దయచేయండి మరి!"

"వెక్కిరించకే. నీలాంటి వాళ్ళ కోసమే ఇన్ని తాళాలు."

ప్రశ్న వచ్చింది. నా కళ్ళద్దాలు నుదుటి మీదున్నాయి. చదవక్కర్లేదు కదా, ఎదురుగా ఉన్నది ఒక్కతే. నొక్కేశాను.

"రాలేదే మామయ్యా."

"ఇప్పుడేగా ఇచ్చాను."

"నాకైతే రాలేదు. అదిగో, మళ్ళీ అడుగుతోంది చూడు."

నిజమే. ఈసారి దాని పేరుతో వచ్చింది. ఇచ్చాను, అందింది. అది 'అత్తయ్యా, టీ!' అంటూ లోపలికి పరుగెత్తింది. నేను కళ్ళద్దాలు దించుకుని చూశాను. మొదటిసారి పంచుకున్న పేరు ఇంకా తెర మీదే ఉంది.

పళ్ళ బాబాయ్.

నంబరు తీసెయ్యలేదు నేను. పేరు పక్కనున్న ఫొటోలో నిండు పళ్ళతో నవ్వుతున్నాడు. జానెడు దూరంలో ఫోన్ ఉంటేనే ప్రశ్న వస్తుంది. చుట్టూ చూశాను. ఖాళీ కుర్చీ ఉంది. కొంచెంగా లవంగం వాసన.

మూడో రోజు పొద్దున మేనకోడలు కొళాయి దగ్గర అదేపనిగా పుక్కిలిస్తోంది.

"లేచేసరికి నోరంతా సున్నం తిన్నట్టుంది మామయ్యా. పళ్ళ సందుల్లో గరగర."

"గోడ పెచ్చులు రాలుతున్నాయేమో. నోరు తెరుచుకుని నిద్రపోతావు, చిన్నప్పటి నుంచీ అంతే," అంది మా ఆవిడ.

అది ఉమ్మింది. తెల్లగా, చిక్కగా, మధ్యలో చిగుళ్ళ రంగు పోగు ఒకటి. తూములోకి జారకుండా అంచుకు పట్టుకుని వేలాడింది. మా ఆవిడ నీళ్ళు కొట్టినా పోలేదు. చివరికి పుల్లతో తోయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వాన మొదలవగానే పాస్‌వర్డ్ మార్చేశాను. అంతకంటే నాకు తెలిసిన ఉపాయం లేదు. మార్చి ఫోన్ బల్ల మీద పెట్టానో లేదో, తెర వెలిగింది.

పళ్ళ బాబాయ్ మీ నెట్‌వర్క్‌లో చేరాలనుకుంటున్నారు.

వద్దని నొక్కాను.

మళ్ళీ వచ్చింది.

వద్దు.

మళ్ళీ...

ఎడమ చెంప మీద వెచ్చగా ఏదో తగిలింది. ఊపిరి. ముందు లవంగం. దాని కింద కుళ్ళిన చిగుళ్ళు. ఇంకా కింద... ఆ గేటు దగ్గర నాలుకకు తగిలిన తీపి. తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు.

"ఆ రోజు ఇవ్వాల్సింది," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. "తప్పయిపోయింది బాబాయ్. ఇప్పుడు ఇవ్వలేను. పిల్ల ఉంది."

మళ్ళీ వెలిగింది. వద్దు. మళ్ళీ. లెక్కపెడుతున్నానని నాకే తెలియదు... పదిహేడోసారి వద్దని నొక్కాక తెర నల్లబడింది. చెంప చల్లబడింది.

వెళ్ళిపోయాడు అనుకున్నాను.

పెరట్లో కుర్చీ పడిన చప్పుడు.

వానలో పరుగెత్తాను. మేనకోడలు నేల మీద కూర్చుని ఉంది, తల వెనక్కి వాల్చి, నోరు పూర్తిగా తెరిచి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అరుపు రావడం లేదు. నోరు నిండా తెల్లటి ముద్ద... పెదాల మీదుగా పొంగి, గడ్డం మీద గట్టిపడుతోంది. ముక్కుతో మాత్రం ఊపిరి కొట్టుకుంటోంది. వేళ్ళు దోపాను. లోపల వేడిగా ఉంది. మెత్తగా ఉంది. లాగితే సాగింది. మా ఆవిడ గరిటె తెచ్చింది. గరిటె కాడతో అంగిట్లోంచి పెళ్ళగించాను. బురదలోంచి చెప్పు ఊడొచ్చినట్టు 'జుప్'మని ఊడి నా అరచేతిలో పడింది.

ఒక పక్క మా పిల్ల పళ్ళ అచ్చు, దానికున్న పన్ను మీద పన్నుతో సహా. రెండో పక్క రెండు బొటనవేళ్ళ గుర్తులు. నావి కావు. ఆ గుర్తుల్లో తెల్లటివి రెండు మెదులుతున్నాయి. పురుగులు.

పిల్ల కక్కుతూనే ఉంది. మా ఆవిడ నన్ను చూసింది. "ఏం దాచారండీ మా దగ్గర?" అంది. అంతకుముందు ఎన్నడూ ఆ గొంతుతో నన్నడగలేదు.

ఫోన్ తీశాను. మన ఫోన్లో నంబరు ఉన్నవాళ్ళే అడగగలరు. అదే కదా నియమం. పళ్ళ బాబాయ్ పేరు వెతికి, తీసేశాను. నిజంగానే తీసేయాలా అని అడిగింది. అవునని నొక్కాను.

ఆ తర్వాత ఏమీ రాలేదు. మర్నాడు మొదటి బస్సుకే మేనకోడల్ని వాళ్ళింట్లో దింపి వచ్చాను. దారి పొడవునా అది నా చెయ్యి వదల్లేదు.

*

నెల గడిచింది. నిన్న మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక, బడి అరుగు మీద కూర్చుని ఉండగా మేనకోడలి ఫోన్ వచ్చింది. గొంతు హుషారుగా ఉంది. ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఏం మామయ్యా, వస్తున్నట్టు ఒక్క మాట చెప్పకూడదూ? ఏ గదిలో దాక్కున్నావు?"

"ఎక్కడికి రావడమే?"

"నాటకాలొద్దు. నా ఫోన్లో నీ పేరొచ్చింది. మామయ్య మీ నెట్‌వర్క్‌లో చేరాలనుకుంటున్నారు అని."

"ఇవ్వకు... తల్లీ, ఇవ్వకు. నేను బళ్ళో ఉన్నాను."

అరుగు మీంచి లేచాను.

"నువ్వే కదా అని... ఇచ్చేశాను మామయ్యా."

"నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు." గొంతు తగ్గింది. "లవంగం వాసనొస్తోంది, అంతే."

"బయటికి పరుగెత్తు. వింటున్నావా? ఫోన్ అక్కడే పడేసి..."

'చట్' మంది.

నేను నిలబడిపోయాను. ఎదురుగా పిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు. ఫోన్లో ఊపిరి వినిపిస్తోంది. అప్పుడు మా పిల్ల మాట్లాడింది, నోరు నిండా ఏదో పట్టనిది పెట్టుకున్నట్టు, ముద్దగా, నెమ్మదిగా.

"మామయ్యా... నా నోట్లో ఉన్నవి ఎవరి పళ్ళు?"